ముక్క లేనిదే ముద్ద దిగని తమ్ముడికి

ప్రశ్న: అక్కా నమస్తే. మాది ఒడిశాలోని బరంపురం, తాతల నాటి నుంచి ఇక్కడే. నాకు ముక్క లేనిదే ముద్ద దిగదు, ఆదివారం మటన్, మధ్యలో గోపాల్‌పూర్ చేప, చిలికా రొయ్య, ఏదీ లేకపోతే ఎండుచేప అయినా కాల్చుకోవాల్సిందే. మా ఆవిడ కార్తీకం నెలంతా నీచు ముట్టదు, ఉల్లి వెల్లుల్లి కూడా మానేస్తుంది. ప్రతి ఏడూ నేను బయట తినేసి వచ్చేవాణ్ణి, ఈసారి తనతో పాటే ఉందామనుకున్నా. పది రోజులైంది. పప్పు, చారు, బంగాళదుంప వేపుడు, మళ్ళీ పప్పు. తిన్న గంటకే ఆకలి, నోరు చప్పబడిపోయింది, నీరసం వచ్చేస్తుందేమోనని భయం కూడా. ఏం వండుకోవాలి? కార్తీకం అయ్యాక అందరూ మళ్ళీ నీచు మొదలుపెట్టే ఛాడఖాయి రోజు నేనూ తింటే ఈ నెల చేసిందంతా వృథానా?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: తమ్ముడూ, మాది పర్లాకిమిడి, మా ఇంట్లోనూ చేప లేని వారం ఉండదు కాబట్టి నీ బాధ నాకు బాగా తెలుసు.

ముందు ఆకలి సంగతి. నీ కంచంలోంచి ముక్క తీసేశావు, ఆ చోటులో ఇంకో రెండు గరిటెల అన్నం పెట్టుకున్నావు, అంతే జరిగింది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే 65 కిలోల మనిషికి దగ్గర దగ్గర 54 గ్రాములు. చిన్న గిన్నెడు పప్పులో ఆరేడు గ్రాములే ఉంటుంది, పల్చటి చారులో అదీ ఉండదు. అందుకని పప్పు గట్టిగా వండించు, పొద్దున్న శనగలో బొబ్బర్లో గుగ్గిళ్ళు తిను, పెరుగు రెండు పూటలా వేసుకో. మీల్‌మేకర్ 30 గ్రాములు నానబెట్టి వండితే 15 గ్రాముల దాకా వస్తుంది. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకో, ఐరన్ ఒంటికి పడుతుంది, తిన్న వెంటనే టీ మాత్రం వద్దు. బి12 గురించి ఒక్క నెలకి కంగారు పడక్కర్లేదు, లివర్‌లో నిల్వ ఉంటుంది. పూర్తిగా మానేద్దామనుకుంటే అప్పుడు రక్తపరీక్ష చేయించుకో.

ఇక రుచి. నాకు నిజంగా చెప్పాలనున్నది ఇదే. మటన్ కూరకి మనం పొద్దున్నే లేచి మసాలా నూరతాం, నూనె తేలేదాకా వేయిస్తాం, గంటన్నర పొయ్యి దగ్గర నిలబడతాం, అదే కూరగాయ అయితే పది నిమిషాల్లో ఉప్పూ కారం చల్లి దింపేసి ఇందులో రుచి లేదంటాం. ఆ గంటన్నర కూరగాయకీ పెట్టి చూడు.

కందతో మొదలుపెట్టు. చేతులకి నూనె రాసుకుని మటన్ ముక్కంత లావున కోసి, చింతపండు నీళ్ళలో పసుపేసి ఉడికించి వార్చెయ్, దురద పోతుంది. ఇనప మూకుడులో సన్నసెగ మీద అంచులు ఎర్రబడి కరకరలాడేదాకా కదపకుండా వేయించు, తొందరపడి తిప్పావంటే ముక్క చితికిపోతుంది. అల్లం, జీలకర్ర, ధనియాలు, లవంగం, చెక్క, గసగసాలు, పచ్చికొబ్బరి మెత్తగా నూరి, వెల్లుల్లి బదులు ఇంగువ వేసి, మసాలా చుట్టూ నూనె తేలాక ముక్కలు వెయ్యి. పంటికి తగిలేది, వేళ్ళకి అంటేది అన్నీ దొరుకుతాయి. అదే కంద మరో రోజు బచ్చలితో ఆవ పెట్టి చేసుకో. మీ ఒడియా పక్కింటి వాళ్ళ బేసర కూడా ఆవ నూరి చేసేదే, వాళ్ళనడిగితే ఎంత నూరాలో ఎప్పుడు వెయ్యాలో ఇంకా బాగా చెప్తారు.

మన సరిహద్దు వాళ్ళకి రెండు వంటిళ్ళు ఉన్నాయి తమ్ముడూ, అది వదులుకోకు. ఒడియా వాళ్ళ డాల్మాలో పచ్చి బొప్పాయి, గుమ్మడి, అరటికాయ, చేమదుంప అన్నీ పప్పుతో ఉడుకుతాయి, చివర్లో నెయ్యి పోపు, దోరగా వేయించిన జీలకర్ర ఎండుమిర్చి పొడి, కొబ్బరి కోరు. ఆ పొడి మాత్రం అప్పటికప్పుడు వేయించి దంచాలి, సీసాలోది వేస్తే డాల్మా డాల్మాలా ఉండదు. పూరీ జగన్నాథుడి మహాప్రసాదం వంటలో ఉల్లి, వెల్లుల్లే కాదు, ఆలూ, టమాటా కూడా వాడరు, కట్టెల పొయ్యి మీద మట్టి కుండలు ఒకదాని మీద ఒకటి పేర్చి వండుతారు, ఆనంద బజార్‌లో ఆ ప్రసాదం తిన్నవాడెవడూ చప్పగా ఉందని అనగా నేను వినలేదు. నువ్వు రోజూ తింటున్న బంగాళదుంప వేపుడు ఒక వారం పక్కన పెట్టెయ్.

ఒడియా లెక్కలో కార్తీకం పౌర్ణమితోనే ముగుస్తుంది, ఆ చివరి ఐదు రోజులే పంచుక, అప్పుడు కొంగ కూడా చేప ముట్టదంటారు ఇక్కడ. అవి కష్టంగా అనిపించొచ్చు, వీధి వీధంతా నీతోనే ఉంటుందిలే. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి, మాంసం కొట్ల దగ్గర క్యూలు నీకు తెలిసిందే, నువ్వూ తిను, ఏదీ వృథా కాదు. మీ ఆవిడతో కలిసి ఉండాలని మొదలుపెట్టావు, ఉన్నావు. అయితే నెలంతా తేలిగ్గా తిన్న కడుపు, ఒక్కసారే అరకిలో పట్టించకు. ఆ రోజు మటన్ పక్కన కంద కూర కూడా చేయించు.

లేత పనసకాయలు ఫాల్గుణం వైపు వస్తాయి, అప్పుడు మళ్ళీ రాయి, ముక్కల కూర ఎలా చెయ్యాలో చెప్తాను. పనస పంటికి మాంసంలా తగులుతుంది కానీ ప్రొటీన్ చాలా తక్కువ, దాంతో పాటు పప్పు ఉండాల్సిందే.