ఆ మొక్కకు ఇద్దరు నీళ్లు పోశారు

ప్రశ్న: మా బాబుకు 8 ఏళ్లు. ఆటలో ఓడితే బోర్డు విసిరేస్తాడు, బొమ్మ సరిగా రాకపోతే కాగితం చించేస్తాడు. కాస్త ఓపిక అలవడుతుందని కుండీలో చిక్కుడు గింజ నాటించాను. మరిచిపోతాడేమోనని నేనూ రోజూ నీళ్లు పోశాను. నెల తిరగకుండానే ఆకులు పసుపెక్కి మొక్క చచ్చిపోయింది. ‘నేను ఏది చేసినా పాడవుతుంది’ అని ఒకటే ఏడుపు. అలాంటి మొక్కే తెచ్చి, మళ్లీ బతికిందని చెబుదామంటున్నారు మావారు. చెప్పవచ్చా?

జవాబు: వద్దండీ. చచ్చిన మొక్క లేచి నిలబడిందంటే 8 ఏళ్ల పిల్లలు నమ్మడం కష్టం. నమ్మినా, అది ఎందుకు చచ్చిపోయిందో బాబుకు ఎప్పటికీ తెలియదు.

కారణం మీ ఉత్తరంలోనే ఉందేమో. బాబూ పోశాడు, మీరూ పోశారు. మట్టి సందుల్లోని గాలి వేళ్లకు కావాలి. ఎప్పుడూ నీరు నిండి ఉంటే ఆ గాలి అందక వేళ్లు కుళ్లిపోతాయి. ఇది నా అనుమానం మాత్రమే, తేల్చవలసింది మీరిద్దరూ. కుండీని కాగితం మీద బోర్లించి చూడండి. వేళ్లు తెల్లగా, గట్టిగా ఉంటే కారణం మరొకటి. గోధుమ రంగుకు తిరిగి, ముట్టుకుంటే మెత్తగా ఊడివస్తే నీరు ఎక్కువైనట్టే. అప్పుడు ‘నీకు చెప్పకుండా నేనూ పోశాను, పొరపాటు నాది’ అనండి. కష్టమే. కానీ పొరపాటు చేసిన మనిషి దేన్నీ విసిరేయకుండా నింపాదిగా మాట్లాడడం బాబు చూడాలి.

ఓపికకు మందుగా మొక్కను వాడకండి. తోటపనిలో పిల్లలకు పట్టుబడేవి ఇంకా చిన్న సంగతులు: వేలు మట్టిలో గుచ్చి తడి చూశాకే నీళ్లు పోయడం, నిన్నటి ఆకుకూ ఇవాళ్టి ఆకుకూ తేడా గమనించడం, తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం. కాగితం చించేసే పిల్లవాడికి ఆ వెతకడమే ముఖ్యం.

బాబు సరేనంటే ఈసారి నాలుగు గింజలు నాటనివ్వండి, ఒకటి పోయినా మూడు మిగులుతాయి. మరో గింజను గాజు గ్లాసు లోపలి గోడకు తడి దూదితో ఆనించి పెట్టండి. ముందుగా వేరు కిందికి దిగడం కళ్లారా కనిపిస్తుంది, మొలిచిందో లేదోనని మట్టి తవ్వే పని తప్పుతుంది. (తవ్వని పిల్లలను నేను చూడలేదు.) బాబు మరిచిపోతే గుర్తు చేయండి, నీళ్లు మాత్రం మీరు పోయవద్దు.

ఈ కోపం బడిలోనూ ఉన్నా, ‘ఏది చేసినా పాడవుతుంది’ అనే మాట వారాల తరబడి వినిపిస్తున్నా పిల్లల మనస్తత్వ నిపుణులను కలవండి.

మీవారు మొక్క తెచ్చేసి ఉంటే పారేయవద్దు. అది నాన్న మొక్క అని చెప్పండి, నీళ్లు ఆయనే పోసుకుంటారు.