ఆర్లో గత్రీ తండ్రి పేరు మీదే నిలబడ్డారా?

అమెరికన్ జానపద గాయకుడు ఆర్లో గత్రీకి వచ్చిన పేరులో తండ్రి, ప్రసిద్ధ జానపద గాయకుడైన వుడీ గత్రీ వాటా ఎంత, సొంత ప్రతిభ ఎంత అని మీరు అడిగారు. తొలినాళ్లలో జనం ఆయన వైపు తిరిగి చూడడానికి తండ్రి పేరు తోడ్పడి ఉంటుంది. యాభై ఏళ్లకు పైగా వేదిక మీద నిలబెట్టింది మాత్రం ఆయన కథ చెప్పే తీరేనని నా అభిప్రాయం.

ఈ మాట చెప్పడానికి నాకు కొంత సొంత అనుభవం కూడా ఉంది. విశాఖపట్నం చుట్టుపక్కల పల్లెల్లో మా నాన్నగారు తప్పెటగుళ్ల బృందానికి ముందు నిలిచి పాడేవారు. నేను ఎక్కడ పాడడానికి లేచినా ముందుగా ఆయన పాటే అడుగుతారు, పాడిన తరువాత ఆయన గొంతును తలుచుకుంటారు. అందులో అభిమానమే తప్ప చిన్నచూపు ఉండదు. అయినా పాడేవాడు తానెవరో మరిచిపోయే ప్రమాదం మాత్రం ఉంటుంది. ఆర్లో ఆ ప్రమాదాన్ని ఎలా దాటారో తెలుసుకోవాలన్న ఆసక్తితోనే నేను ఆయన పాటలు వినడం మొదలుపెట్టాను.

ఆయన 1947లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో పుట్టారు. తల్లి మార్జొరీ, ఆధునిక నృత్యానికి పేరుపడిన మార్థా గ్రాహమ్ బృందంలో నర్తకి. 1967లో వెలువడిన తొలి ఆల్బమ్ రికార్డులో ఒక వైపంతా ఆక్రమించిన ‘ఆలీసెస్ రెస్టారెంట్ మాసక్రీ’ నిడివి 18 నిమిషాలకు పైమాటే. 1965 థాంక్స్‌గివింగ్ పండుగనాడు మసాచుసెట్స్‌లోని స్టాక్‌బ్రిడ్జ్‌లో స్నేహితుల ఇంటి చెత్తను ఎక్కడపడితే అక్కడ పారబోసి పోలీసులకు దొరికిపోవడం, ఆ చిన్న నేరమే వియత్నాం యుద్ధానికి సైనికులను ఎంపిక చేసే చోట పెద్ద విషయమై కూర్చోవడం అందులోని కథ. వినడానికి అదంతా సరదా కబురులా ఉంటుంది గాని, చెత్త పారబోసినవాడు మనుషులను చంపడానికి తగినంత మంచివాడేనా అన్న ప్రశ్న నవ్వుల మధ్యనే గుచ్చుకుంటుంది. బుర్రకథలో హాస్యం ఒక వంత, రాజకీయం మరొక వంత చెబుతారు; ఇక్కడ కథకుడితో పాటు ఆ ఇద్దరి పనీ ఆర్లో ఒక్కరే గిటార్ మీటుతూ చేశారు.

గిటార్ వాయిస్తూ మాటల్లో కథ నడిపించే ఈ పద్ధతిని వుడీ అప్పటికే విరివిగా వాడారు. అంటే పనిముట్టు తండ్రిదే. ఆ పాట ఆధారంగా ఆర్థర్ పెన్ 1969లో తీసిన సినిమాలో ఆర్లో తన పాత్ర తానే పోషించారు. అదే ఏడాది వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలోనూ పాడారు. 1972లో ఆయనకు బాగా పేరు తెచ్చిన రైలు పాట ‘సిటీ ఆఫ్ న్యూ ఆర్లీన్స్’ తండ్రిదీ కాదు, తనదీ కాదు. దాన్ని రాసినవారు స్టీవ్ గుడ్‌మన్. తండ్రి పాటలను కూడా ఆయన పక్కన పెట్టలేదు. తండ్రికి సహచరుడైన జానపద గాయకుడు పీట్ సీగర్‌తో కలిసి ఎన్నో ఏళ్లు కచేరీలు చేశారు. ఇతరుల పాటలను ఇంత నిస్సంకోచంగా స్వీకరించడమే, నా దృష్టిలో, ఆయన ఆత్మవిశ్వాసానికి గట్టి రుజువు.

ఆయన మోసిన అసలు బరువు పేరు ప్రతిష్ఠలది కాదు. వుడీ నాడీమండలాన్ని క్రమంగా దెబ్బతీసే హంటింగ్టన్ వ్యాధితో చాలా ఏళ్లు ఆసుపత్రుల్లో గడిపి, 1967 అక్టోబరులో 55 ఏళ్ల వయసులో మరణించారు. తల్లిదండ్రులలో ఒకరికి ఆ వ్యాధి ఉంటే ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం 50 శాతం. అప్పటికి ఇరవయ్యేళ్లవాడైన ఆర్లో, తనకూ అదే గతి పట్టవచ్చునన్న ఎరుకతోనే పాతికేళ్లూ ముప్ఫయ్యేళ్లూ దాటవలసి వచ్చింది. మార్జొరీ ఆ రోగుల కోసం ఒక సంస్థనే స్థాపించారు. వుడీ మొదటి భార్య కుమార్తెలిద్దరూ ఆ వ్యాధికే బలయ్యారు, ఆర్లోకు మాత్రం అది రాలేదు. వారసత్వం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతిని వదిలేసి కేవలం పాటలను తూచడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పక్షవాతం దెబ్బల తరువాత 2020లో ఆయన కచేరీ యాత్రలకు స్వస్తి చెప్పారు. మీరు కొత్తగా వినదలిస్తే ముందు ఆ రైలు పాట వినండి, ఆ తరువాత తీరిక చూసుకుని 18 నిమిషాల కథకు కూర్చోండి. ఉచ్చారణ తొలిసారి పూర్తిగా అందకపోవచ్చు కనుక, సాహిత్యం ఎదురుగా పెట్టుకుని వింటే హాస్యం జారిపోదు.