ముస్సోలినీ పాలనలో ఇటలీ కార్మికుల బతుకు నిజంగా బాగుపడిందా?

కార్మికులకు క్లబ్బులు, విహారయాత్రలు, తల్లీబిడ్డల సంరక్షణ సంస్థలు కల్పించిన ముస్సోలినీ పాలనలో వాళ్లు సుఖపడ్డారన్న మాట నిజమేనా అని అడిగారు. నేను ఇటలీలోని టూరిన్ నగరంలో చదువుకునే రోజుల్లో పాత కార్మికవాడలో ఒక పెద్దావిడ ఇంట్లో అద్దెకు ఉండేవాణ్ణి. ఆమె తండ్రి ఆ కాలంలో కర్మాగారంలో ఫిట్టరు. ఆమె చెప్పగా విన్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ కలిపి జవాబిస్తున్నాను. సౌకర్యాలు వచ్చిన మాట వాస్తవమే, కాని వాటితోపాటే కార్మికుల నోరు నొక్కేశారు.

1920 సెప్టెంబరులో టూరిన్, మిలాన్ కార్మికులు కర్మాగారాలను ఆక్రమించుకున్నారు. ఆ భయం యజమానులను చాలాకాలం వదల్లేదు. 1922లో ముస్సోలినీ అధికారంలోకి వచ్చాక, 1925 అక్టోబరులో పరిశ్రమాధిపతుల సమాఖ్య, ఆయన ఫాసిస్టు పార్టీకి చెందిన కార్మిక సంఘాలు రోమ్‌లోని విదోని భవనంలో ఒప్పందం చేసుకుని ఒకదాన్నొకటి ఏకైక ప్రతినిధిగా గుర్తించుకున్నాయి. కార్మికులు తామే ఎన్నుకునే కర్మాగార కమిటీలు దాంతో రద్దయ్యాయి. 1926 ఏప్రిల్‌లో వచ్చిన చట్టం సమ్మెను నేరం చేసింది. యజమానులు కర్మాగారం మూసేసి కార్మికులను బయట నిలబెట్టే లాకౌట్‌ను కూడా నిషేధించారు కదా అని కొందరు వాదిస్తారు, కాని ఎదురు చెప్పేవాడే లేనప్పుడు యజమానికి లాకౌట్‌తో పనేముంది? ఇటలీ కరెన్సీ అయిన లీరా విలువ పెంచి, బ్రిటిష్ పౌండుకు 90 లీరాల దగ్గర నిలపాలని ముస్సోలినీ పట్టుబట్టడంతో ఎగుమతులు దెబ్బతిన్నాయి; ఆ భారాన్ని 1927లో, మాంద్యం వచ్చాక మళ్లీ 1930లో, జీతాల కోత రూపంలో కార్మికుల నెత్తినే వేశారు.

పనివేళల తర్వాతి కాలక్షేపం కోసం ప్రభుత్వం 1925లో దోపోలవోరో అనే సంస్థను పెట్టింది. 1931 నుంచి చౌక టికెట్లతో ప్రత్యేక రైళ్లు కూడా నడిపారు. నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ తల్లి జీవితంలో మొదటిసారి సముద్రాన్ని చూసింది ఆ రైలెక్కే. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను. అయితే అంతకుముందు కార్మికులు చందాలు వేసుకుని కట్టుకున్న ప్రజా భవనాలను ఎన్నింటినో ఫాసిస్టు దళాలు తగలబెట్టాయి, కొన్నిటిని స్వాధీనం చేసుకున్నాయి.

ఇక ఇంటి సంగతి. దాదాపు 4 కోట్ల జనాభాను 6 కోట్లకు పెంచాలని 1927లో ముస్సోలినీ ప్రకటించాడు. ఆ ఏడాదే 25 నుంచి 65 ఏళ్ల మధ్య పెళ్లికాని మగవాళ్ల మీద పన్ను వేశారు. 1938లో కార్యాలయ ఉద్యోగాల్లో ఆడవాళ్లు నూటికి పదిమందికి మించకూడదని శాసనం చేశారు. ఇథియోపియా మీద దండెత్తినందుకు నానాజాతి సమితి ఆంక్షలు విధించినప్పుడు, 1935 డిసెంబరు 18న భార్యాభర్తల చేత పెళ్లి ఉంగరాలు దేశానికి ఇప్పించి, బదులుగా ఉక్కు ఉంగరాలు ఇచ్చారు. తన తల్లికి ఇచ్చిన ఆ ఉక్కు ఉంగరాన్ని ఆ పెద్దావిడ నా చేతిలో పెట్టింది. బూడిదరంగులో, అరిగిపోయి, దాదాపు బరువే లేనట్టుంది. లోపలివైపు దేశానికి బంగారం అన్న మాటలు, ఆంక్షలు మొదలైన నవంబరు 18 తేదీ చెక్కి ఉన్నాయి. మన ఇళ్లలో మంగళసూత్రం తీసి ప్రభుత్వానికి అప్పగించమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇష్టంగా ఇచ్చినవాళ్లూ ఉన్నారు, ఇరుగుపొరుగు చూస్తున్నారని ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఆమె తల్లి రెండో కోవకు చెందినది.

జనం మనసారా ఒప్పుకున్నారా అన్నది తేల్చడానికి నేను చూసేది 1939 మే 15వ తేదీని. టూరిన్‌లో ఫియట్ సంస్థ కొత్తగా కట్టిన మిరాఫియోరి కర్మాగారాన్ని ప్రారంభించడానికి ముస్సోలినీ వచ్చి, 1934లో తాను మిలాన్‌లో చేసిన ప్రసంగం గుర్తుందా అని కార్మికులను అడిగాడు. ముందు వరుసల్లో కొందరు తప్ప ఆ వేలాదిమంది పలకలేదు. ఆయన కోపంతో వేదిక దిగిపోయాడు. యుద్ధంలో బాంబులు పడి, తిండి కరవైన 1943 మార్చిలో అదే కర్మాగారంలో సమ్మె మొదలై, టూరిన్‌లోని ఇతర కర్మాగారాలకూ, నెలాఖరుకు మిలాన్‌కూ పాకింది. బాంబుదాడులకు నగరం విడిచి వెళ్లినవారికి అదనంగా ఇస్తున్న 192 గంటల జీతాన్ని అందరికీ ఇవ్వాలన్నది వాళ్ల ప్రధాన డిమాండు. చాలామందిని అరెస్టు చేశారు, అయినా ఏప్రిల్‌లో ప్రభుత్వం జీతాలు కొంత పెంచక తప్పలేదు.