టికెట్టు కొనే ముందు పిల్లల్ని గోడకు ఆనించి కొలువు

చి.ల.సౌ. సుజాతకు,

పెద్దమ్మ ఆశీస్సులు. జూన్‌లో అందరూ బెంగళూరు వండర్‌లా ఆటల పార్కుకు వెళ్తున్నామని, ఈ రాత్రే ఆన్‌లైన్‌లో ఆరు టికెట్లు కొనేస్తానని ఫోనులో చెప్పావు. ముందుగా కొనడం మంచిదే. దర్శనం టికెట్టు లేకుండా తిరుపతికి వచ్చినవాళ్లు చంటిపిల్లలతో విష్ణు నివాసం దగ్గర, భూదేవి కాంప్లెక్స్ దగ్గర టోకెన్ల కోసం పడే అవస్థ చూస్తూనే ఉన్నాను. అయినా ఈ ఒక్క రాత్రి ఆగు.

ముందు పిల్లలిద్దరినీ చెప్పులు విప్పించి, గోడకు ఆనించి టేపుతో కొలువు. అక్కడ పిల్లల టికెట్టుకు లెక్క వయసు కాదు, ఎత్తు. 85 సెంటీమీటర్ల లోపు ఉంటే టికెట్టే అక్కర్లేదు. అక్కడి నుంచి 140 వరకు పిల్లల టికెట్టు. అది దాటితే పదేళ్ల పిల్లకైనా పెద్దల టికెట్టే. బస్సులో వయసు చెప్పి అర టికెట్టు తీసుకునే అలవాటుతో నేను ఒకసారి వేరే పార్కుకు మనవడి టికెట్టు అలాగే కొన్నాను. గేటు దగ్గర వాడిని నిలబెట్టి కొలిచారు. తేడా డబ్బు కట్టాం, అది పెద్ద బాధ కాదు. అంతమంది ముందు తానేదో తప్పు చేసినట్టు వాడు నా కొంగు వెనక దాక్కున్నాడు. ఆ ముఖం ఇప్పటికీ మరిచిపోలేను. పెద్ద ఆటల్లో కొన్నింటికి కనీస ఎత్తు కూడా ఉంటుంది. మీ చిన్నవాడు ఎక్కలేనివి ఏవో ఇంట్లోనే చెప్పి ఒప్పించు. అక్కడ చెబితే ఏడుస్తాడు.

ఇక తేదీ. చిత్తూరులో తెల్లవారుజామున కారు ఎక్కి, నేరుగా పార్కుకే వెళ్దామని అల్లుడుగారు అన్నారట. నాకు నచ్చలేదు. మీరు పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా నగరానికి తూర్పున చేరతారు. పార్కేమో అవతలి పక్క, మైసూరు దారిలో బిడది దగ్గర. 180 కిలోమీటర్లు వచ్చాక బెంగళూరు రద్దీ అంతా దాటాలి. డబ్బు కట్టి కొన్న రోజులో సగం కారులోనే గడిచిపోతుంది. ముందురోజే వెళ్లి ఆ వైపు బస చూసుకోండి, మర్నాటికి టికెట్లు కొను. శని, ఆదివారాలు వద్దు. జనం ఎక్కువ, ధరా ఎక్కువ. మన బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు, కర్ణాటకలో అంతకు ముందే తెరుస్తారు. కాబట్టి జూన్ మొదటి వారంలో మంగళవారమో బుధవారమో అయితే మీకు హాయి. వానలు మొదలయ్యే రోజులు కనుక తేదీ మార్చుకునే వీలుందా, రద్దు చేస్తే డబ్బు తిరిగి వస్తుందా అన్నది కట్టే ముందే చదువు.

మీ అత్తగారి సంగతి మాత్రం నిదానంగా ఆలోచించు. మోకాళ్ల నొప్పులతో ఆమె రోజంతా అంత దూరం నడవగలరా? ఆటలు ఆడకపోయినా లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరికీ టికెట్టు ఉండాలి. అలాగని ఆమెను అడగకుండా నువ్వే ఐదుకు తగ్గించకు. మనవడు నీళ్లలో ఎగరడం చూడాలని ఆమెకు ఎంత ఆశ ఉందో నీకేం తెలుసు? అడుగు. వస్తానంటే 60 దాటినవాళ్లకు ఉండే తగ్గింపు టికెట్టు కొను, ఆధార్ కార్డు మరిచిపోవద్దు.

సగం ధరకే ఇప్పిస్తామని వాట్సాప్‌లో వచ్చే సందేశాలను నమ్మవద్దు. మా ఊళ్లో దర్శనం టికెట్ల పేరుతో దళారులకు డబ్బిచ్చి ఏడ్చినవాళ్లను చూశాను. పార్కు సొంత వెబ్‌సైటులోనే కొను. డబ్బు కట్టే ముందు తేదీ, మనుషుల లెక్క అల్లుడుగారి చేత కూడా ఒకసారి చదివించు.

బయటి తిండి లోపలికి రానివ్వరు, పులిహోర కట్టుకుని శ్రమపడకు. నీటి ఆటలకు నూలు బట్టలు పనికిరావు, నైలాన్‌వే కావాలి. కొలిచాక పిల్లల ఎత్తులు నాకూ చెప్పు, గాంధీ రోడ్డులో చూసి పంపిస్తాను.

మీ పెద్దమ్మ
తిరుపతి