జ్ఞానస్నానానికి ముందే పోయిన తాతగారి గురించి – సమాధానం

జ్ఞానస్నానం కాకముందే పోయిన మీ తాతగారికి రక్షణ ఉందా లేదా అన్నది మీ ప్రశ్న. మీ బావ పంపిన ఫార్వర్డ్‌లో శ్రీసభ (కతోలిక సంఘం) పీఠాధిపతుల ఫ్లారెన్స్ మహాసభ (1442) మాట ఒక్కటే ఉంది, 'శ్రీసభ వెలుపల రక్షణ లేదు' అన్న చోట ఎర్రగీత కొట్టి. మీ టెన్షన్ అంతా అక్కడిదే.

1. ఆ మాట నిజమే, దాన్ని ఎవరూ రద్దు చేయలేదు.

2. అందరూ వదిలేసేది ఇది: ట్రెంట్ మహాసభ 1547లో, ఆరో సమావేశం నాలుగో అధ్యాయంలో, జ్ఞానస్నానం 'లేదా దాని కోరిక' అని రాసింది. మీ తాతగారు గుణుపురంలో ఉపదేశానికి (జ్ఞానస్నానానికి ముందు ఇచ్చే బోధకు) వెళ్తూ, ఈస్టర్‌కు జ్ఞానస్నానం కోసం పేరిచ్చి, ఆ పండగ రాకముందే పోయారని మీరే రాశారు కదా, మరి కోరిక అంటే ఇంకేం కావాలి? శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 1259వ పేరా సరిగ్గా ఇలాంటివాళ్ల గురించే. పశ్చాత్తాపం, ప్రేమ తోడైన ఆ కోరిక వాళ్లకు రక్షణనిస్తుందని అందులో ఉంది. ముందు ఇది బావకు పంపండి.

3. బావ ఫీనీ ఫాదర్ (ఆ మాటకు ఇరుకు అర్థం చెప్పిన బోస్టన్ గురువు) పేరెత్తితే, ఆ అర్థాన్ని తప్పుపడుతూ 1949లో రోమ్ నుంచి బోస్టన్ అగ్రపీఠాధిపతికి వచ్చిన లేఖ చూపండి. పాత లాటిన్ పూజ కోసం పోరాడిన ఫ్రెంచ్ అగ్రపీఠాధిపతి లెఫెవ్ర్ గారు కూడా కోరిక జ్ఞానస్నానాన్ని (పైన చెప్పినట్టు, కోరికే జ్ఞానస్నానంగా చెల్లడాన్ని) ఒప్పుకున్నవారే.

4. విచారణ గురువుల్ని కలిసి తాతగారి పేరున పూజ చెప్పించండి, మొహమాటపడకండి. అంత్యక్రియల విషయంలో ఉపదేశంలో ఉన్నవాళ్లను విశ్వాసులతో సమానంగా చూడాలని శ్రీసభ చట్టమే (1183వ నిబంధన) చెబుతోంది.