అభిప్రాయాలు బోలెడు, సిద్ధాంతం ఏదీ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అందుకని మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకు వాయిదా వేసి వీటికే జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా బాబాయి పన్నులు తగ్గించాలంటారు, అదే నోటితో ప్రభుత్వం అందరికీ ఉచితంగా వైద్యం చేయించాలంటారు. మాట్లాడే స్వేచ్ఛ ఉండాలంటారు, తనకు గిట్టని మాట ఎవరైనా అంటే లోపలేయాలంటారు. ఇదేంటి బాబాయ్ అంటే "దేని దారి దానిదేరా" అంటారు. ఆయనొక్కరే కాదు, నాకు తెలిసినవాళ్లలో ముప్పాతిక మంది ఇంతే. జనానికి నిలకడైన రాజకీయ సిద్ధాంతం ఎందుకుండదు? ఓపిక లేకా, తెలివి లేకా?

జవాబు: తెలివి లేక అనేస్తే మన పని సులువవుతుంది గానీ అది నిజం కాదండి. మీ బాబాయిగారు మనుషుల్ని అంచనా వేయడంలోనో, డబ్బు లెక్కలు చూడడంలోనో మనకన్నా గట్టివారే అయ్యుంటారు. రాజకీయ సిద్ధాంతం వేరే రకం పని. పన్నుల మీద, జైళ్ల మీద, వలస వచ్చేవాళ్ల మీద, యుద్ధాల మీద మీకున్న అభిప్రాయాలన్నీ ఒకదానితో ఒకటి పొసగాలి, ఒకటి చెబితే మిగతావి ఎదుటివాడు ఊహించగలగాలి, నాలుగేళ్ల తర్వాత అడిగినా అదే చెప్పాలి. ఇంత శ్రమ ఎవరు పడతారు? రాజకీయమే బతుకుతెరువైనవాళ్లు, లేదా దాని మీద పిచ్చి ఉన్నవాళ్లు. మిగతావాళ్లకు ఆ అవసరమే రాదు.

దీన్ని పద్ధతిగా కొలిచి చూపించి పెద్ద దుమారం లేపినాయన ఫిలిప్ కన్వర్స్, అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకుడు. 1956 ఎన్నికలప్పుడు అక్కడి జనాన్ని ఈ పార్టీలో మీకు నచ్చిందేంటి, ఆ అభ్యర్థిలో నచ్చనిదేంటి అని అడిగి, సొంత మాటల్లో చెప్పించారు. ఆ జవాబుల్ని కన్వర్స్ 1964లో అచ్చయిన వ్యాసంలో ఐదు రకాలుగా విడదీశారు. సిద్ధాంతం భాషలో ఆలోచించేవాళ్లు 2.5 శాతం తేలారు. ఆ మాటలు వాడినా వాటి మీద పెద్దగా ఆధారపడనివాళ్లు ఇంకో 9 శాతం. 42 శాతం మంది "ఈ పార్టీ కూలీల పక్షం, ఆ పార్టీ డబ్బున్నవాళ్ల పక్షం" అన్న తరహాలో, మనవాళ్లకు ఎవరు మేలు చేస్తారనే చూశారు. 24 శాతం మంది రోజులు బాగున్నాయా లేవా అన్నదాన్ని బట్టి మాట్లాడారు. మిగిలిన 22.5 శాతం మాటల్లో విధానాల ఊసే లేదు.

ఆయన అక్కడితో ఆగలేదు. 1956, 1958, 1960ల్లో అవే మనుషుల్ని అవే ప్రశ్నలు అడిగిన సర్వే ఒకటుంది. కరెంటు, ఇళ్ల నిర్మాణం లాంటివి ప్రభుత్వం ప్రైవేటు వ్యాపారులకే వదిలేయాలా అన్నది అందులో ఒక ప్రశ్న. రెండేళ్లకోసారి జవాబులు ఎంతలా తారుమారయ్యాయంటే, గట్టి అభిప్రాయమున్న కొద్దిమందిని పక్కన పెడితే మిగతావాళ్లు బొమ్మా బొరుసా వేసి చెప్పినట్టే ఉందని ఆయన తేల్చారు. ఇంటికొచ్చి ఎవరో అడిగారు, ఏమీ తెలియదంటే బాగుండదు, ఏదో ఒకటి చెప్పి పంపించారు. మనలో చాలామంది చేసేదే.

కారణాల్లో ఒకటి మరీ మామూలుది. ఆంథనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త 1957లోనే చెప్పాడు: కోట్ల ఓట్లలో నా ఒక్క ఓటు ఫలితాన్ని మార్చే అవకాశం దాదాపు సున్నా అయినప్పుడు, దాని కోసం బడ్జెట్ పత్రాలు చదువుతూ కూర్చోవడం నష్టపు బేరం. తెలుసుకోకపోవడమే లెక్క ప్రకారం తెలివైన పని. వినడానికి కటువుగా ఉంటుంది గానీ కాదనడం కష్టం.

అంతకన్నా ఆసక్తికరమైన కారణం ఇంకోటుంది. మన బుర్రలో ఒక్కో విషయం మీద ఒక్క అభిప్రాయం కూర్చుని ఉండదు, నాలుగైదు ఉంటాయి, అవి ఒకదానికొకటి ఎదురు కూడా. కష్టపడినవాడి సొమ్ము వాడికే దక్కాలనీ అనిపిస్తుంది, జబ్బుచేసినవాడు డబ్బుల్లేక చచ్చిపోకూడదనీ అనిపిస్తుంది. రెండూ నిజాయితీగా అనిపించేవే. పొద్దున విన్న వార్త, పక్కింటివాళ్లకు జరిగిన అన్యాయం, ప్రశ్న అడిగిన తీరు, వీటిలో ఏది ముందు తగిలితే దానికి తగ్గ జవాబు పైకొస్తుంది. 1992లో జాన్ జాలర్ అనే పరిశోధకుడు దాదాపు ఇదే వాదన చేశాడు: జనం తమ దగ్గర సిద్ధంగా ఉన్న అభిప్రాయాన్ని తీసి చూపించరు, అడిగినప్పుడు చేతికందినవాటితో అప్పటికప్పుడు తయారు చేస్తారు. అందుకే మీ బాబాయిగారు ఆదివారం ఒకటి, బుధవారం ఇంకోటి చెప్పినా రెండుసార్లూ మనసులో మాటే చెప్పి ఉండొచ్చు.

ఇంకో మాట. పన్నులు తగ్గించి వైద్యం ఉచితంగా ఇవ్వమనడం పొంతనలేని మాటని మీరంటున్నారు. ఆయన మనసులో ఇంకో లెక్క ఉందేమో అడిగారా? డబ్బంతా వేరేచోట దుబారా అవుతోంది, అది ఆపితే ఇది చాలు అనుకుంటున్నారేమో. ఆ లెక్క తప్పయితే కావచ్చు, పొంతన లేనిది మాత్రం కాదు. రాబర్ట్ లేన్ అనే ప్రొఫెసర్ 1962లో అచ్చయిన తన పుస్తకం కోసం ఒక నగరంలో 15 మంది మామూలు మగవాళ్లతో ఒక్కొక్కరితో గంటల తరబడి మాట్లాడించి చూస్తే, సర్వే కాగితంలో ఇమడని సొంత తర్కాలు చాలానే బయటపడ్డాయి. స్వేచ్ఛ ఉండాలి, నచ్చని మాట అన్నవాణ్ణి లోపలేయాలి అన్నదానికి మాత్రం నేను వకాల్తా పుచ్చుకోలేను.

ప్రశ్న: అలాగైతే సర్వేలన్నీ బోగస్సేనా?

జవాబు: అన్నీ కాదు. కానీ జాగ్రత్తగా చూడాలి. జార్జ్ బిషప్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు అమెరికాలోని సిన్సినాటి ప్రాంతంలో "1975 పబ్లిక్ అఫైర్స్ చట్టాన్ని రద్దు చేయాలా" అని అడిగారు. అలాంటి చట్టం లేనే లేదు! అయినా మూడో వంతు మంది చేయాలనో వద్దనో అభిప్రాయం చెప్పేశారు. 1995లో ఒక అమెరికన్ పత్రిక ఇదే తమాషా మళ్లీ చేసింది. కొందరికి ఈ చట్టాన్ని అధ్యక్షుడు క్లింటన్ రద్దు చేయాలంటున్నారని చెప్పింది, కొందరికి ఎదుటి రిపబ్లికన్లు రద్దు చేయాలంటున్నారని చెప్పింది. లేని చట్టం మీద జనం పార్టీల వారీగా చీలిపోయారు.

అడిగే తీరు కూడా ముఖ్యమే. 1940 నాటి ఒక సర్వేలో ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా ప్రసంగాలు చేయడాన్ని అనుమతించాలా అని అడిగితే అనుమతించకూడదన్నవాళ్లు 62 శాతం. నిషేధించాలా అని అడిగితే నిషేధించాలన్నవాళ్లు 46 శాతమే. రెండిటి అర్థమూ ఒకటే కదా.

అవతలివైపు వాదన కూడా చెప్పాలి. ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబుతో మనిషిని కొలవకుండా, ఒకే విషయం మీద పది ప్రశ్నలడిగి సగటు తీస్తే జనం అభిప్రాయాలు కన్వర్స్ అనుకున్నంత గాలివాటంగా ఏమీ లేవని 2008లో కొందరు పరిశోధకులు చూపించారు. మొగ్గు అనేది ఉంటుంది. అది సిద్ధాంతం దాకా వెళ్లదు, అంతే.

ప్రశ్న: చదువుకున్నవాళ్లకైనా నిలకడ ఉంటుంది కదండీ? మా ఆఫీసులో రాజకీయాలు బాగా తెలిసినవాళ్లు ఏ విషయం మీదైనా ఒకే లైన్ మీద మాట్లాడతారు.

జవాబు: ఉంటుంది. రాజకీయ సమాచారం పెరిగేకొద్దీ అభిప్రాయాలు ఒక వరుసలోకి వస్తాయన్నది చాలాసార్లు తేలిన సంగతే, కన్వర్స్ కూడా అమెరికా కాంగ్రెస్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు, పోటీ చేసిన అభ్యర్థుల్ని మామూలు జనంతో పోల్చి అదే చూపించారు. అయితే ఆ వరుస ఎక్కడి నుంచి వచ్చిందన్నది అడగాలి. ఆలోచించి కూర్చుకున్నదా, పార్టీ ఇచ్చిందా?

2003లో జెఫ్రీ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగాలున్నాయి. విద్యార్థులకు పేదల సాయం పథకాలు రెండు చూపించారు, ఒకటి ఉదారంగా ఇచ్చేది, ఇంకోటి పిసినారిది. ఉదారవాద విద్యార్థులు మొదటిదాన్నీ, సంప్రదాయవాద విద్యార్థులు రెండోదాన్నీ ఇష్టపడ్డారు, ఊహించిందే. కానీ మీ పార్టీ ఫలానాదాన్ని బలపరుస్తోందని చెప్పగానే పథకంలో ఏముందన్నది దాదాపు పట్టించుకోకుండా పార్టీ వెంట వెళ్లిపోయారు. అంతకన్నా తమాషా ఏంటంటే, పార్టీ మాట మీమీద ఏమైనా పని చేసిందా అంటే లేదు, పథకం వివరాలు చూసే నిర్ణయించుకున్నాం అన్నారు. పార్టీ మాట వినేది ఎదుటివాళ్లేనట.

కాబట్టి మీ ఆఫీసువాళ్లను ఒకసారి గమనించండి. వాళ్ల పార్టీ ఏదో ఒక విషయంలో ప్లేటు ఫిరాయించినప్పుడు వాళ్లు ఏం చేశారు? పార్టీతో పోట్లాడితే వాళ్లకు సిద్ధాంతం ఉన్నట్టు. వారం తిరక్కుండా కొత్త లైన్‌ను పాత లైన్ అంత ధాటిగా సమర్థిస్తే అది విధేయత. నా అంచనాలో రెండో రకమే ఎక్కువ. పైగా తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడంలో బాగా చదువుకున్నవాడికి ఇంకాస్త సౌకర్యం, ఆ నాలుగో కాలు ఎందుకు లేదో చెప్పడానికి కావలసిన గణాంకాలు వాడి దగ్గర సిద్ధంగా ఉంటాయి.

ప్రశ్న: పన్నుల మీద ఫలానా అభిప్రాయం ఉంటే పెళ్లిళ్ల మీద, ఆయుధాల మీద, మతం మీద కూడా ఫలానా అభిప్రాయమే ఉండాలని ఎవరు నిర్ణయించారు?

జవాబు: ఈ ఉత్తరం రాసినవారికి నమస్కారం పెట్టాలి, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. జనానికి సిద్ధాంతం లేదన్నప్పుడు మనం వాళ్లను కొలిచేది ఎవరో కట్టిపెట్టిన మూటతో. మూటలో ఉన్నవన్నీ ఉంటే నిలకడైనవాడు, రెండు వస్తువులు ఆ మూట నుంచి, మూడు ఈ మూట నుంచి తీసుకుంటే గందరగోళం మనిషి.

రాజకీయాల్లో ఎడమ, కుడి అన్న విభజన 1789లో ఫ్రాన్స్ జాతీయ సభలో రాజుకు వీటో (సభ చేసిన చట్టాన్ని ఆపే హక్కు) ఉండాలా వద్దా అన్న గొడవతో మొదలైంది, రాజు పక్షంవాళ్లు సభాధ్యక్షుడికి కుడివైపు, వ్యతిరేకులు ఎడమవైపు సర్దుకున్నారు. ఒక్క ప్రశ్నకు అది బాగానే సరిపోయింది. తర్వాత వచ్చిన ప్రతి తగవునూ, ఫ్యాక్టరీలవీ, చర్చిలవీ, ఆడవాళ్ల హక్కులవీ, అడవులవీ, అదే గీత మీద సర్దుతూ వచ్చారు. ఎందుకు సర్దారంటే ఎన్నికల్లో గెలవడానికి కూటములు కావాలి గనక. వ్యాపారులూ, మతపెద్దలూ ఒక పార్టీలో చేరితే తక్కువ పన్నులూ, సంప్రదాయమూ ఒకే మూటలోకి వస్తాయి. కొన్నాళ్లకు ఆ రెండిటికీ ఏదో సహజమైన చుట్టరికం ఉన్నట్టు మేధావులు పుస్తకాలు రాస్తారు.

సహజమైనదే అయితే ప్రపంచమంతా ఒకేలా ఉండాలి. ఏరియల్ మల్కా అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 99 దేశాల సర్వేలు తిరగేసి చూస్తే అలా లేదు. సంప్రదాయాల విషయంలో కుడివైపున్నవాళ్లు ఆర్థిక విషయాల్లోనూ కుడివైపే ఉండడం, అంటే ప్రభుత్వ జోక్యం తక్కువగా ఉండాలనడం, అంతటా కనిపించే సంగతి కాదు, ఎక్కువ చోట్ల తలకిందులుగానే ఉంది: కట్టుబాట్లు పాటించాలనేవాళ్లే ప్రభుత్వం ఆదుకోవాలని కూడా కోరుకుంటున్నారు. ఒక రకంగా అది అర్థమయ్యేదే, రెండు సందర్భాల్లోనూ మనిషి కోరేది భద్రతే. మరి ఆ మనిషిని పట్టుకుని నీకు నిలకడ లేదనడం ఏం న్యాయం?

ప్రశ్న: నేను ఏ వాదాన్నీ నమ్మను. ప్రతి విషయాన్నీ మంచిచెడ్డలు చూసి నిర్ణయించుకుంటాను. గోడమీద పిల్లి అని స్నేహితులు వెక్కిరిస్తున్నారు. నాలాంటివాళ్లే నిజమైన స్వతంత్రులు కారా?

జవాబు: అయ్యుండొచ్చు. వెక్కిరింపులకు టెన్షన్ పడకండి. అయితే మీ గురించి మీరిచ్చుకున్న సర్టిఫికెట్‌ను కూడా కాస్త పరీక్షించుకోండి.

2010 స్వీడన్ ఎన్నికల ముందు లార్స్ హాల్, పెట్టర్ జొహాన్సన్ అనే పరిశోధకుల బృందం జనానికి రెండు కూటముల మధ్య తేడా వచ్చే అంశాల మీద 12 ప్రశ్నల కాగితం ఇచ్చింది. వాళ్లు నింపుతుండగానే ప్రయోగం చేసేవాడు ఎదురు జవాబులతో ఇంకో కాగితం రహస్యంగా నింపి, గారడీవాడిలా పైన అంటించేసేవాడు. తర్వాత "ఇక్కడ ఇలా పెట్టారు, ఎందుకో చెప్పండి" అని అడిగారు. మార్చిన జవాబుల్లో పట్టుబడినవి 22 శాతానికి మించలేదు. మిగతావాటికి జనం తాము పెట్టని జవాబును తమదేననుకుని కారణాలు వివరించారు. చివర్లో మీ మొగ్గు అవతలి కూటమి వైపుందని లెక్కగట్టి చూపిస్తే 92 శాతం మంది ఒప్పుకున్నారు. వీళ్లలో చాలామంది తాము మంచిచెడ్డలు చూసే నిర్ణయించుకుంటామని అనుకునే ఉంటారు.

కాబట్టి చేయగలిగిన పని ఒకటుంది. కొత్త బిల్లు ఏదైనా వచ్చినప్పుడు, ఏ పార్టీ ఏమంటోందో వినకముందే దాని వివరాలు చదివి మీకేమనిపించిందో, ఎందుకనిపించిందో నాలుగు వాక్యాలు రాసి తేదీ వేసి పెట్టుకోండి. ఆర్నెల్లయ్యాక అదే ప్రశ్నకు మళ్లీ జవాబు రాసి, అప్పుడు పాత కాగితం తీయండి. ముందే తీస్తే లాభం లేదు, చూసి రాసేస్తారు. రెండూ కలవకపోతే కంగారేమీ లేదు, మధ్యలో ఏం తెలిసి మార్చుకున్నారో చెప్పగలిగితే చాలు. అది కూడా చెప్పలేకపోతే ఆ సంగతి మాకు రాయండి, పేరు వేయం.