పాప అడిగిన ప్రశ్న

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. పాటలంటే ప్రాణం. ఆరేళ్లలో స్పీకర్లు నాలుగుసార్లు, యాంప్లిఫయర్ మూడుసార్లు మార్చాను. కొత్తది వచ్చిన మూడు వారాలు గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ ఏదో లోటు. అర్ధరాత్రి దాటేదాకా రివ్యూలు చదువుతాను. ఈమధ్య కొన్న డాక్ (డిజిటల్ పాటను యాంప్లిఫయర్‌కు అందే సిగ్నల్‌గా మార్చే పరికరం) గురించి నా భార్యకు చెప్పలేదు. అడిగితే పాతదేనన్నాను. తర్వాత బిల్లు ఆమె కంటపడింది. అప్పటినుంచి ముభావంగా ఉంటోంది. మొన్న మా పాప, ‘నాన్నా, ఏ పాటనీ పూర్తిగా విననివ్వవేం?’ అంది. ఇందులోంచి ఎలా బయటపడాలి?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది మీ పాప మాట. వేణువు ఊదేవాళ్ల ఊపిరి వినిపించే చోటో, తాళాలు ఒకదానికొకటి తగిలే చోటో వెతికి, అదే అర నిమిషం వేసి, ఆపి, మళ్లీ వెనక్కి తిప్పుతుంటారు కదూ? ఈ సరదా ఉన్న చాలామంది దగ్గర ఇలాంటి ‘పరీక్ష పాటలు’ కొన్ని ఉంటాయి. ఒకప్పుడు మీరు మనసుపడి విన్న పాటలే అవి. ఇప్పుడు స్పీకర్లను తూచే తూకపురాళ్లయ్యాయి. నాకు బాధగా అనిపించింది ఇక్కడే.

మూడు వారాలకే మోజు తీరిపోవడం మీ ఒక్కరి బలహీనత కాదు. ఎంత మంచి వస్తువుకైనా మనసు అలవాటు పడిపోతుంది. బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1971లోనే దీన్ని, ఎంత నడిచినా ఉన్నచోటే ఉంచే ట్రెడ్‌మిల్ మీద నడకతో పోల్చారు. మీకు నిజంగా ఉత్సాహం ఇచ్చేవి రివ్యూలు చదివే రాత్రులు, పార్సిల్ కోసం ఎదురుచూసే రోజులు. పెట్టె విప్పాక అవి ఉండవు. అందుకే ఇంకో పెట్టె కావాలనిపిస్తుంది.

చెవి కూడా మనల్ని మభ్యపెడుతుంది. రెండు యాంప్‌లలో ఒకటి ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినా, శబ్దం పెరిగిందని చాలామందికి తట్టదు. ‘ఎంత నిండుగా ఉందో’ అనిపిస్తుంది. సన్నని తేడాలు చెవిలో నిలిచేది కొద్ది సెకన్లే. పోయిన నెల అమ్మేసిన స్పీకర్‌ని ఇవాళ్టిదానితో పోల్చాలంటే జ్ఞాపకం మీద ఆధారపడాల్సిందే, కొత్తదాని మీద ఆశ ఉన్నప్పుడు ఆ జ్ఞాపకం ఎటు మొగ్గుతుందో మీకు తెలుసు. పాత డాక్ ఇంకా ఉంటే రెండింటి వాల్యూమ్‌నూ శబ్దం కొలిచే మీటర్‌తో సమానం చేసి, ఏది మోగుతోందో మీకు తెలియకుండా ఎవరినైనా మార్చమనండి. పదిసార్లలో ఎన్నిసార్లు సరిగ్గా చెప్పగలిగారో రాసుకోండి.

ఇక గది. వస్తువులు అన్నిసార్లు మార్చారు గానీ, కూర్చునే చోటు ఎప్పుడైనా మార్చారా? 4.3 మీటర్ల పొడవున్న గదిలో 40 హెర్ట్జ్ దగ్గరి బాస్ (లోతైన, బరువైన శబ్దం) గోడల పక్కన గుమ్మని మోగుతుంది, నట్టనడుమ దాదాపు మాయమవుతుంది. ఎంత మంచి డాక్ తెచ్చినా దీన్ని సరిచేయలేదు. సోఫాను వెనక గోడ నుంచి కాస్త ముందుకు జరపండి. స్పీకర్లను అటూ ఇటూ జరిపి వినండి. ఏదో ఒకటి మార్చాలన్న మీ తపనకు దీంట్లో బోలెడంత పని దొరుకుతుంది, ఖర్చు లేకుండా.

అన్నీ అమ్మేసి ఒట్టు పెట్టుకోమని మాత్రం నేను చెప్పను. కోపంలో వదిలేసినది రెట్టింపు ఆకలితో తిరిగొస్తుంది. ఆరు నెలలు కొనడం ఆపండి, చాలు. ఫోన్ పడకగది బయట పెట్టండి. కొనాలనిపించినప్పుడల్లా ఒక నోట్‌బుక్‌లో ఆ రోజు ఏం జరిగిందో రాయండి. ఆఫీసులో మాట పడ్డారా, నిద్ర పట్టలేదా? ఆ పేజీలు చదివితే మీరు దేని నుంచి తప్పించుకుంటున్నారో మీకే కనిపించవచ్చు. అప్పులు చేసే దాకా వచ్చినా, ఆపుకోలేకపోతున్నా మనస్తత్వ నిపుణుల్ని నేరుగా కలవండి.

మీ భార్య విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. ఆమెను డబ్బు కన్నా ఎక్కువ గాయపరిచింది ‘పాతదే’ అన్న మీ మాట. ఆరేళ్లలో ఏం కొన్నారు, ఎంతకు అమ్మారు, ఎంత పోయింది, అన్నీ ఒక కాగితం మీద రాసి ఆమె చేతికివ్వండి. ఒక్క సంజాయిషీ కూడా వద్దు. ఆమె కోప్పడితే కోప్పడనివ్వండి. ఇకమీదట ఈ సరదాకు ఎంత ఖర్చు పెట్టొచ్చో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి.

ఆ తర్వాత ఒక సాయంత్రం రిమోట్ పాప చేతికివ్వండి. పాట తనే ఎంచుకుంటుంది. రికార్డింగ్ ఎలా ఉన్నా నోరు మెదపకండి, పాట పూర్తయ్యేదాకా లేవకండి. మీ ఆవిడ వచ్చి కూర్చుంటే కాస్త జరిగి చోటివ్వండి. రాకపోతే బలవంతపెట్టొద్దు, ఆ కాగితం చూశాక ఆమెకు కొన్నాళ్లు పడుతుంది.